మూడో ఆదివారం ఎవరూ చదవలేదు

ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. రిజిస్టరు పోస్టులో పంపినవి నాలుగు, మనిషి చేతికిచ్చి పంపినవి రెండు, స్వయంగా మానుకోట దాకా పోయి బడి ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చింది ఒకటి. ఆ ఒక్కదాని మీదైనా ముట్టినట్టు పొడి సంతకం చెయ్యడానికి అక్కడి గుమస్తాకు చెయ్యి రాలేదు. అతని వయసులో నేను అదే బల్ల వెనక కూర్చున్నవాణ్ణని అతనికి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఎనిమిదోది రాద్దామని కాగితం తీసిన మంగళవారం నాడు పోస్ట్‌మాన్ ఒక కవరు ఇచ్చి పోయాడు. లోపల జవాబు లేదు, నమస్కారం లేదు, నా పేరైనా లేదు. ఒక పాత పేజీకి తీసిన జిరాక్స్ కాపీ మాత్రం ఉంది. దాని మీది చేతిరాత నాది.

జనగామలో మేముండేది స్టేషన్ వెనక సందులో. రైలు పోయినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు కదులుతాయి. ఆ పూట ఒక రైలు వచ్చి పోయేదాకా ఆ కాగితం పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఏం కాగితమని మా ఇంటామె రెండుసార్లు అడిగింది. స్కూలుదని చెప్పి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇన్నేళ్లు ఆమెకు చెప్పని సంగతి ఆ ఒక్క పేజీలో ఉంది. ఏడు ఉత్తరాల్లోనూ నేను రాయని సంగతి కూడా అదే.

నా ఈడువాళ్లకు, అందులోనూ మిషన్ బోర్డింగుల్లో అన్నం తిని చదువుకున్నవాళ్లకు, ఆ బడి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మానుకోట నుంచి కురవి పోయే రోడ్డు మీద రాతి ప్రహరీ, లోపల మేము గుడి అనే చర్చి, గుడి పక్కన పొడుగాటి మగపిల్లల బడి, బడి వెనక పెంకుల బోర్డింగు. నిజాం జమానాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక దొర కట్టించాడని చెప్పుకునేవాళ్లు. ఆఫీసు గోడ మీద ఆయనతో మొదలుపెట్టి దొరల పటాలు, వాటి తరువాత మనవాళ్ల పటాలు వరుసగా ఉండేవి. ఆ దొర ముఖంలో ఏదో మరిచిపోయి బయల్దేరిన మనిషి కంగారు కనబడేది. ఆ పటం దుమ్ము తుడిచేటప్పుడల్లా ఏం మరిచిపోయి ఉంటాడా అని అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, ఆయన ఏదీ మరిచిపోలేదు. మేమే మరిచిపోయాం.

ఎందుకంటే, ఆ దొర బడికి రాసిపెట్టిన నియమాలు నల్లబట్ట అట్ట ఉన్న ఒక పుస్తకంలో ఉండేవి. బిషప్‌గారు అధ్యక్షులు, ఆయన కింద కరస్పాండెంటు, హెడ్మాస్టరు, సంఘంలోంచి ఇద్దరు పెద్దలు, బోర్డింగు పిల్లల తల్లిదండ్రుల్లోంచి ఒకరు, వీళ్లంతా కలిసి స్కూలు కమిటీ. వీటన్నిటికంటే నాకు నచ్చిన నియమం ఇంకొకటుంది. మా ఇళ్లల్లో పెండ్లి కుదిరితే గుడిలో మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు కదా, ఈ పెండ్లికి అడ్డమేమైనా ఉంటే చెప్పమని. ఆ దొర బడికి కూడా అదే పద్ధతి పెట్టాడు. బడిలో ఏది మూసినా, ఏది ఇంకొకరికి అప్పగించినా, ఆ సంగతి మూడు ఆదివారాలు ప్రసంగం అయ్యాక గుడిలో గట్టిగా చదవాలి. దానికి ముందే బోర్డింగు పిల్లల ఇళ్లకు కబురు పోవాలి. క్రైస్తవులు కానివాళ్లు గుడి వరండాలో నిలబడి వినవచ్చు. చదవడం ముగిశాక, ఈ సంగతికి ఎవరికైనను అభ్యంతరము కలదేని ఇప్పుడే లేచి చెప్పవలెను, అనాలి. ఎవరు లేచినా సరే, ఊరి పెద్దయినా, తండా నుంచి వచ్చిన కూలి మనిషయినా, సంగతి ఆగిపోయి మళ్లీ కమిటీ ముందుకు రావలసిందే. మేము దీన్ని మూడు చదువులు అనేవాళ్లం. మూడు చదువులు కాని తీర్మానం తీర్మానం కాదు.

నేను భూపాలపల్లి వైపు వాణ్ణి. మా బాపు కూలి మనిషి. ఒకటి రెండు క్రిస్మస్ పాటలు తప్ప చదువన్నది ఎరగడు. నన్ను ఆ బడిలో దింపిన రోజు బోర్డింగు వంటమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, వీడు తక్కువ తింటాడమ్మా అని చెప్పాడు. వంటమ్మ నవ్వి, తక్కువ తినేటోన్ని నేను పెట్టుకోను, తీస్కపో, అన్నది. ఆ మాటతో నాకు ఏడుపు ఆగిపోయింది. నా పక్క పెట్టెవాడు వాగు అవతలి తండా పిల్లవాడు. ఇంట్లో వాళ్ల భాష, బడిలో మా భాష, గుడిలో పుస్తకం భాష, మూడూ వాడికి ఒకే తీరుగా వచ్చేవి. వాళ్ల ఇంట్లో వేరే దేవుళ్లున్నా కీర్తనలు మా అందరికంటే పైస్థాయిలో ఎత్తుకునేవాడు. ఉపదేశి, అంటే గుడి పనులు చూసే పెద్దమనిషి, వాడి వైపు చూసి, దేవునికి చెవుడు లేదురా అనేవాడు. పదేళ్లు ఒక దుప్పటిలో పడుకున్నాం. వాడి తండ్రిని నేను కాకా అనేవాణ్ణి. ఆదివారం ఆయన తెచ్చే మక్క గారెల్లో సగం నావి, అందులో తగువు లేదు.

చదువయ్యాక వాడు బొగ్గుబావి పనికి పోయాడు. నన్ను అదే బడి ఆఫీసులో టెంపరరీ గుమస్తాగా పెట్టుకున్నారు. మినిట్స్ పుస్తకం రాయడం, గుడిలో ప్రకటనలు చదవడం, తల్లిదండ్రులకు కబురు పంపడం నా పని. అక్షరం గుండ్రంగా ఉంటుందని పేరు. ఇక్కడే చెప్పుకోవాలి, మా ఆఫీసులో శనివారం రాత అని ఒక అలవాటుండేది. ఆదివారం ఆరాధన అయ్యీ కాకముందే పెద్దలంతా బండ్లకు తొందరపడతారు. అందుకని గుడిలో జరగబోయేదంతా జరిగినట్టుగానే శనివారం సాయంత్రం పుస్తకంలో రాసి పెట్టుకునేవాళ్లం, ఆదివారం సంతకాలు చేయించుకుంటే సరిపోయేది. నాకు ముందున్న గుమస్తా అట్లా రాశాడు, ఆయనకు ముందున్నాయన కూడా అట్లాగే రాశాడు. రాసినట్టే జరిగేది కాబట్టి అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. పుస్తకంలో రాసిన పంక్తి కొట్టెయ్యాలంటే మాత్రం బిషప్‌గారి సంతకం కావాలి. అదీ ఆ దొర పెట్టిందే.

ఆ కాలంలోనే కొత్త కరస్పాండెంటు అయ్యగారు వచ్చారు. కోస్తా వైపు నుంచి. మంచి ఇస్త్రీ అంగీ, మంచి గొంతు. వచ్చిన ఏడాదికే బోర్డింగు మూసెయ్యాలన్న సంగతి కమిటీ ముందు పెట్టారు. పైకప్పు కురుస్తోంది, ఒక్క సంవత్సరం మూసి బాగుచేయించి మళ్లీ తెరుద్దాం, అన్నారు. ఒక్క సంవత్సరమే కదా అని అందరం అనుకున్నాం. మొదటి ఆదివారం ఆ ప్రకటన నేనే చదివాను. గుడి బయటికి రాగానే, పెద్దలందరి ముందు, ఆయన నా భుజం తట్టి అన్న మాట నాకు అక్షరం పోకుండా గుర్తుంది. "ఏవిటయ్యా ఆ చదవటం, గొర్రెల్ని అదిలిస్తున్నట్టు? ఇకనుంచి చదివేది నేను చూసుకుంటాలే, నువ్వు రాసుకో చాలు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

రెండో ఆదివారం ఆయనే చదివారు. వరండాలో తండావాళ్లు నలుగురైదుగురు నిలబడి విన్నారు, వాళ్లలో కాకా ఉన్నాడు. నా దోస్తు తమ్ముడు అప్పుడు బోర్డింగులో ఉండి ఏడో తరగతి చదువుతున్నాడు. ఆరాధన తరువాత కాకా నన్ను పక్కకు పిలిచి, లేచి మాట్లాడటానికి తనకు హక్కుందా అని అడిగాడు. ఉందన్నాను. కొట్టరు కదా అని అడిగాడు. కొట్టరన్నాను. అయితే తండాలో పదిమందినీ అడిగి వచ్చే ఆదివారం లేస్తానని చెప్పి పోయాడు. ఆ వారమంతా పొలం పనిలో కూడా లేచి చెప్పాల్సిన మాటలే గొణుక్కుంటూ నేర్చుకున్నాడని తరువాత విన్నాను.

మూడో ఆదివారం వాన. శనివారం సాయంత్రమే నేను రాసిపెట్టాను, మూడవ పర్యాయము గుడిలో చదువబడినది, అభ్యంతరము ఎవరును తెలుపలేదు, అని. తెల్లారేసరికి వాగు రోడ్డెక్కింది. పట్నం పోయిన అయ్యగారి బస్సు రాలేదు. ఉపదేశి గుడి తలుపు తీసి, పిల్లలు కూడా రాని గుడిలో ఒక్కడే రెండు కీర్తనలు పాడుకుని, చెప్పులు చేతబట్టుకుని ఇంటికి పోయాడు. ప్రసంగం లేదు, ప్రకటన లేదు. సోమవారం పొద్దున నేను ఆరాధన పట్టీ తెరిచి చూశాను. గుడిలో జరిగే ప్రతి ఆరాధనా నమోదయ్యే పుస్తకం అది. ఆ ఆదివారం గడిలో ఉపదేశి వంకర అక్షరాలు: అధిక వర్షము. ఆరాధన జరుగలేదు.

ఒక గదిలో రెండు పుస్తకాలు. ఒకటి జరిగిందంటోంది, ఒకటి జరగలేదంటోంది. మధ్యాహ్నం అయ్యగారు రాగానే భయపడుతూ చెప్పాను, మినిట్స్ పుస్తకంలో ఆ పంక్తి కొట్టించాలని. ఆయన కసరలేదు, నెమ్మదిగానే చెప్పారు. "మనుషుల్లేని గుళ్లో చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే. కొట్టేస్తే బిషప్‌గారి దాకా పోవాలి. ఉండనీ. వచ్చే నెల నీ పర్మినెంటు కాగితం కూడా అక్కడికే పోవాలిగా."

ఉండనిచ్చాను.

అదే సాయంత్రం కాకా వచ్చాడు. వాగు కాస్త తగ్గగానే నడుం లోతు నీళ్లలో దాటి వచ్చాడట. మోకాళ్ల దాకా బురద, తలపాగ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆఫీసు మెట్టెక్కలేదు, కిందనే నిలబడ్డాడు. లోపల గదిలో అయ్యగారు ఉన్నారు, తలుపు తీసే ఉంది.

"మూడోసారి చదివిన్రా బిడ్డా?"

"చదివిన్రు కాకా."

"ఎవ్వలు లేవలేదా?"

"ఎవ్వలు లేవలేదు."

వానకు ఆలస్యమైందని తనను తానే తిట్టుకుంటూ, బోర్డింగులోకి పోయి, చిన్నకొడుకు పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను మళ్లీ కలం పట్టుకున్నాను గాని ఏం రాశానో గుర్తులేదు. ఆయన నిలబడ్డ చోట నేల మీద తడి మాత్రం గుర్తుంది.

ఆ తరువాతి ఆదివారం పెద్దలు ఎప్పటిలాగే చదవకుండా ఆ పేజీ మీద సంతకాలు చేశారు. ఒక్క సంవత్సరం అన్నారు. బోర్డింగు మళ్లీ తెరవలేదు. తండా పిల్లలు కొన్నాళ్లు వాగు దాటి నడిచి వచ్చారు, వానలకు మానుకున్నారు. నా దోస్తు తమ్ముడు ఆ ఏడే బడి మాని పట్నం మట్టి పనికి పోయాడు. నేను పర్మినెంటయ్యాను, పదవీ విరమణ దాకా అక్కడే ఉన్నాను. అయ్యగారు బదిలీ అయి పోయారు, చాన్నాళ్ల తరువాత చనిపోయారని తెలిసింది. ఉపదేశి అంతకు ముందే పోయాడు. బడి జూబిలీ పుస్తకం వేసినప్పుడు అందులో తోటమాలి పేరు కూడా ఉంది, నా పేరు లేదు. ఆ పూట వేదిక కింద రెండో వరుసలో నాకు వేసిన కుర్చీ కూడా ఎవరికో కావాలని తీసుకుపోయారు. చిన్న సంగతే. నేను మరిచిపోలేదు.

ఇప్పుడు ఈ గోలంతా ఎందుకంటే, బోర్డింగు భవనాన్నీ, దాని ముందున్న ఆటస్థలాన్నీ బయటి యాజమాన్యానికి అప్పగించి పెద్ద ఇంగ్లీషు మీడియం బడి పెట్టిస్తారట. ఆ ఫీజుల బడి గేటు దాటి తండా పిల్లవాడు లోపలికి రాగలడని ఎవరూ అనుకోవడం లేదు. అదేమని అడిగితే, బోర్డింగు ఎప్పుడో సక్రమంగా మూతబడింది, మూడు చదువులూ అయ్యాయి, ఖాళీ భవనాన్ని ఏమైనా చేసుకోవచ్చు, అంటున్నారు. అంటే దీనికంతటికీ పునాది నా శనివారం రాత. ఆ మూత చెల్లకపోతే అది ఇప్పటికీ బోర్డింగే, పిల్లలదే, ఎవరికీ ఇవ్వడానికి లేదు. నా ఏడు ఉత్తరాల్లోనూ మూడో చదువు జరగలేదని రాశాను. ఆరాధన పట్టీ తెరిచి చూడమని రాశాను. జరిగిందని రాసిన చెయ్యి నాదేనని మాత్రం ఒక్కదాంట్లోనూ రాయలేదు. వాళ్లు ఆ పేజీ పంపి, మాట లేకుండా, నా నోరు మూశామనుకున్నారు.

ఈ అప్పగింతకు కూడా మూడు చదువులు చేస్తున్నారు. గుడిలో కాదు, ఫోన్ గ్రూపులో. ఆదివారం పొద్దున ఒక మెసేజీ పెడితే ఒక చదువైనట్టట. తండావాళ్లు ఒక్కరూ ఆ గ్రూపులో లేరు. మొదటిదాని కింద నేను ప్రశ్న వేస్తే చేతులు జోడించిన బొమ్మలు పది వచ్చాయి, సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. రెండోది పోయిన వారం అయిపోయింది. మూడోది ఈ ఆదివారం.

బుధవారం పొద్దున బస్సెక్కి భూపాలపల్లి పోయాను. కాళేశ్వరం పోయే భక్తులతో బస్సు నిండిపోయింది, హన్మకొండ నుంచి పరకాల దాకా నిలబడే ఉన్నాను. నా దోస్తు ఇప్పుడు చెల్పూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కొడుకు పవర్ ప్లాంటులో పని చేస్తాడు. వాకిట్లో కూర్చుంటే పొగగొట్టాలు కనబడతాయి. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను, వాడి ముఖం చూడగానే ఒక్కటీ మిగల్లేదు. వాడేమో నన్ను చూసి నవ్వి, ఏంరా, సచ్చినవో బతికినవో అనుకున్న, గిప్పుడు యాదికొచ్చిన్నా, అని కుర్చీ లాగాడు. చాయ్ తాగే దాకా ఆగి, జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. వాన సంగతి, పుస్తకాల సంగతి, అయ్యగారి సంగతి, వాళ్ల నాయనకు ఆఫీసు మెట్టు మీది నుంచి నేను చెప్పిన సంగతి, వరసగా చెప్పాను. సాకు ఒక్కటీ చెప్పలేదు. అయ్యగారు నన్ను అందరి ముందు నవ్వులపాలు చేసిన సంగతి కూడా చెప్పలేదు, ఆ రోజు అది చిన్నదనిపించింది.

వాడు చాలాసేపు ఆ రాత మీదే వేలు పెట్టి ఉంచాడు. చిన్నప్పుడు నా అక్షరం చూసి రాసుకున్నవాడు, వాడికి ఆ గుండ్రాలు తెలుసు.

"మా బాపు గా సోమవారం ఇంటికొచ్చి ఏమన్నడో నీకెరుకేనా? మనోడే చెప్పిండు, అయిపోయిందంట, అన్నడు. అయ్యగారు చెప్తే నమ్మకపోతుండె, నువ్వు చెప్పినవని నమ్మిండు. పోయిన్నాటి దాకా వాననే తిట్టుకున్నడు."

తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. కోడలు మళ్లీ చాయ్ తెచ్చింది. వాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఐతారం నేను గూడ వస్త. నువ్వు లేవకపోతే రెక్క పట్టి లేపుత."

అది క్షమించడమో కాదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. రాత్రికి జనగామ చేరాను. ఆ రాత్రే మా ఇంటామెకు అంతా చెప్పాను. ఆమె, గిన్నేండ్లు గిది కడుపుల పెట్టుకొని ఊళ్లె అందరి మీద కోపం చేసినవా, అన్నది. ఇన్నేళ్లు నాకు జవాబు ఇయ్యనివాళ్ల లెక్క నేను తప్పకుండా రాసుకున్నాను, నేను ఇయ్యనిది ఒకటుందని ఎక్కడా రాసుకోలేదు.

మన కాలంలో ఒక మాట పదిమంది చెవిన పడితే తప్ప మాట కాదు. చదివేవాడు గొంతు సవరించుకునేవాడు, వినేవాళ్లు తల తిప్పి ఒకరినొకరు చూసుకునేవాళ్లు, లేచి నిలబడటానికి ఒకడు వారమంతా పొలంలో మాటలు నేర్చుకునేవాడు. చదివాక ఒక నిమిషం ఆగేవాళ్లం, ఎవరైనా లేస్తారేమోనని. ఆ నిమిషం కోసమే ఆ దొర అంత పుస్తకం రాశాడని నాకిప్పుడనిపిస్తుంది. ఫోన్లో ఆ నిమిషం లేదు. శనివారం రాతతో దాన్ని మొదట తీసేసింది మేమే, నేనే. వీళ్లు దాన్ని సౌకర్యంగా మార్చుకున్నారంతే.

కాబట్టి ఇది ఎనిమిదో ఉత్తరం అనుకోండి. కమిటీవారూ, బిషప్‌గారి ఆఫీసువారూ, ఆ బడి అన్నం తిన్న పాత విద్యార్థులూ చదువుతారనే పేపర్లో అచ్చుకిస్తున్నాను. మీరు పంపిన పేజీ నా రాతే, ఒప్పుకుంటున్నాను. అందులో ఉన్నది అబద్ధం, అదీ ఒప్పుకుంటున్నాను. ఇక మీ వంతు. ఆరాధన పట్టీ ఆఫీసు బీరువాలో, కింది అరలో, ఎర్ర అట్ట పుస్తకం. దాన్ని ఆదివారం గుడిలోకి తెచ్చి, ఆ వాన ఆదివారం గడిలో ఏముందో గట్టిగా చదవండి. చదివే గొంతు మీకు లేకపోతే నేనే చదువుతాను, గొర్రెల్ని అదిలించినట్టే చదువుతాను. మూడో చదువు మేము విన్నాం అనే మనిషి ఒక్కడున్నా లేచి నా ముఖం మీద చెప్పమనండి. వరండాలో, కాకా నిలబడ్డ చోట, నేనూ నా దోస్తూ నిలబడి ఉంటాం. ఆ సోమవారం మెట్టు కింద నిలబడి ఆయన అడిగిందే అడుగుతాం. మూడోసారి చదివారా, లేదా? ఈసారి జవాబు మీరు చెప్పాలి.